ఆటిజం మీద పరిశోధన చేయాలనుకునే పీజీలకు: ముందు జంబుఖానా మీద కూర్చోండి

ప్రతి ఏడాదీ మా సైకియాట్రీ విభాగంలో కొత్త పీజీలు, అంటే ఎండీ చదివే డాక్టర్లు, చేరిన నెలలోపే ఒకరో ఇద్దరో నా గది తలుపు దగ్గర నిలబడతారు. "మేడమ్, నాకు ఆటిజంలో రీసెర్చ్ చేయాలనుంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" అంటారు. మొదట్లో ఉత్సాహంగా జర్నళ్ళ పేర్లు చెప్పేదాన్ని. బుద్ధిగా రాసుకుని వెళ్ళేవాళ్ళు, మళ్ళీ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. ఇప్పుడు పద్ధతి మార్చాను. మా ఓపీ పక్కన పిల్లల గదిలో ఒక పాత జంబుఖానా పరిచి ఉంటుంది. ఏప్రాన్ విప్పేసి, ఫోను నా బల్ల మీద పెట్టేసి, పది రోజులు అక్కడ కూర్చుని రమ్మంటాను. సగం మంది మూడోరోజుకే మాయమవుతారు. పది రోజులూ కూర్చున్నవాళ్ళకు టీ తాగుతూ చెప్పే సంగతులనే ఇక్కడ రాస్తున్నాను.

నా గురించి రెండు ముక్కలు. మాది విజయనగరం వైపు ఒక పల్లె. ఎంబీబీఎస్, ఎండీ రెండూ ప్రభుత్వ కాలేజీల్లోనే. తరువాత బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల సైకియాట్రీలో ఏడాది ఫెలోషిప్ చేశాను. పదిహేడేళ్ళుగా టీచింగ్ ఆసుపత్రిలో ఉన్నాను. కొత్త జన్యువేదీ కనిపెట్టలేదు. నా పేపర్లన్నీ కలిపి కుడితే స్కూలు నోటుబుక్కంత కూడా ఉండవు. కాబట్టి నేను చెప్పేది పెద్ద ల్యాబుల సంగతి కాదు. రోజుకి ఎనభై మంది వచ్చే ఓపీ నడుపుకుంటూ పరిశోధన ఎలా చేయొచ్చో, అదే చెప్తాను.

ఎన్నేళ్ళ దారి

లెక్క సూటిగా చెప్పేస్తాను. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, హౌస్ సర్జన్సీ ఏడాది. నీట్ పీజీ గానీ ఐఎన్‌ఐ సెట్ గానీ రాసి ఎండీ సైకియాట్రీ మూడేళ్ళు. ఆపైన పిల్లల సైకియాట్రీలో డీఎం, అంటే ఎండీ పైన సూపర్ స్పెషాలిటీ, చేస్తే ఇంకో మూడేళ్ళు. నిమ్హాన్స్, ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ లాంటి చోట్ల సీటుకి ఐఎన్‌ఐ ఎస్‌ఎస్ రాయాలి, మిగతా కాలేజీలకి నీట్ ఎస్‌ఎస్. మొత్తం పదకొండున్నరేళ్ళు, అదీ ఎక్కడా ఒక్క ఏడాది పోకుండా ఉంటే. డీఎం లేకుండా పరిశోధన చేయలేమా అంటే చేయొచ్చు, నేను చేస్తున్నాను. కాకపోతే డీఎంలో ఉన్న మూడేళ్ళూ పిల్లల్ని తప్ప ఇంకెవర్నీ చూడక్కర్లేదు. ఆ వెసులుబాటు తరువాత జన్మలో దొరకదు.

బయటికి వెళ్ళాలనుకునేవాళ్ళకి: ఇంగ్లండులో కోర్ ట్రైనింగ్ మూడేళ్ళు, దానిమీద పిల్లల సైకియాట్రీ మూడేళ్ళు. అమెరికాలో మూడేళ్ళ రెసిడెన్సీ అయ్యాక పిల్లల ఫెలోషిప్‌లోకి మారిపోతే ఐదేళ్ళలో రెండూ అయిపోతాయి. మా బ్యాచ్‌వాళ్ళు ముగ్గురు అలా వెళ్ళారు, హాయిగా ఉన్నారు. నేనిక్కడే ఎందుకున్నానో కింద చదివితే మీకే తెలుస్తుంది.

ఇంకా ఎంబీబీఎస్‌లోనే ఉన్నవాళ్ళు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కి అప్లై చేయండి. రెండు నెలల పని. పెద్ద ఫలితమేమీ రాదు. ప్రశ్న రాయడం, అనుమతి తీసుకోవడం, రిపోర్టు ముగించడం అనే మూడు కష్టాలూ ఒకసారి అనుభవంలోకి వస్తాయి.

ఒక హెచ్చరిక. నేను సైకియాట్రీ సీటు తీసుకున్న రోజు మా అమ్మ వారం రోజులు సరిగా మాట్లాడలేదు. "ఇంత చదివి పిచ్చాసుపత్రి డాక్టరువా?" అంది. మీ ఇంట్లోనూ ఇలాంటిదేదో జరుగుతుంది. వాదించకండి. మా అమ్మ మెత్తబడింది ఎప్పుడంటే, పక్కవీధి ఆవిడ మనవణ్ణి తీసుకొచ్చి నాకు చూపించినప్పుడు.

"ఆటిజం పీడియాట్రిక్స్ వాళ్ళది కదా మేడమ్" అని కూడా కొందరంటారు. చిన్నపిల్లల దశలో వాళ్ళూ చూస్తారు, చూడాలి కూడా. కానీ ఆటిజం ఉన్న పిల్లవాడు ఇరవై ఏళ్ళవాడవుతాడు. నిద్ర పట్టదు, దిగులు పడతాడు, ఇంజినీరింగ్‌లో రూమ్మేట్లతో వేగలేక ఇంటికొచ్చేస్తాడు, ఇంట్లోవాళ్ళు పెళ్ళి చేస్తే సర్దుకుంటాడంటారు. అప్పుడు వచ్చేది మన దగ్గరికే. తెలుగువాళ్ళలో ఆటిజంతో పెద్దవాళ్ళైన మనుషుల మీద పని చాలా తక్కువ. ఖాళీగా పడి ఉన్న పొలం అది, దున్నేవాళ్ళు కావాలి.

జంబుఖానా మీద ఏం చేయాలి

ఏమీ చేయకూడదు. చూడాలి, చూసింది చూసినట్టు రాయాలి.

మొదటిరోజు పీజీల నోటుబుక్కులు తీసి చూస్తే అందరివీ ఒకేలా ఉంటాయి: "ఐ కాంటాక్ట్ పూర్, పిలిస్తే పలకడు, సోషల్ స్మైల్ లేదు." ఇది చూడటం కాదు, పాఠ్యపుస్తకంలోది పిల్లవాడి మీద అచ్చు వేయడం. పదో రోజుకి ఇలా రాయాలి: "పేరు పెట్టి నాలుగుసార్లు పిలిస్తే తిరగలేదు. బయట ఎవరో చిప్స్ ప్యాకెట్టు చింపితే వెంటనే తిరిగాడు. నీళ్ళ సీసా మూత రాకపోతే అమ్మ మొహం చూడలేదు, ఆమె మణికట్టు పట్టుకుని చేతిని మూత మీద పెట్టాడు." ఇందులో చెవి పనిచేస్తోందన్న సంగతి ఉంది, సాయం అడగడం తెలుసన్న సంగతి ఉంది, అడిగే తీరు వేరన్న సంగతీ ఉంది.

మనవాళ్ళ పెంపకంలోనే మంచి పరీక్షలున్నాయి. చంకనెత్తుకుని గోరుముద్దలు పెడుతూ చందమామను చూపిస్తాం కదా. ఏడాది దాటిన బిడ్డ అమ్మ వేలు వెంట చూపు పోనిచ్చి చంద్రుణ్ణి చూస్తాడు, వెంటనే అమ్మ మొహంలోకి చూస్తాడు, చూశావా అన్నట్టు. ఆ రెండో చూపు ఉందే, దాని మీద ప్రపంచమంతటా వందల పేపర్లు వచ్చాయి. జాయింట్ అటెన్షన్ అంటారు. నేను తల్లుల్ని ఇప్పటికీ అలాగే అడుగుతాను: "చందమామను చూపిస్తే నీ వేలు చూస్తాడా, చంద్రుణ్ణి చూస్తాడా? చూశాక నీ వైపు తిరుగుతాడా?" ఏ తల్లీ ఈ ప్రశ్నకి తడబడలేదు.

నోరు మూసుకుని వినడం కూడా నేర్చుకోవాలి. మావైపు తల్లులు "గుంటడు పిలిస్తే పలకడమ్మా" అని మొదలుపెడతారు. అమ్మమ్మ అడ్డం వస్తుంది, "వాళ్ళ నాన్నకీ ఐదేళ్ళకి గానీ మాటలు రాలేదు." వస కొమ్ము అరగదీసి నాకించామంటారు, వసపిట్టలా వాగుతాడనుకున్నామంటారు. తాయెత్తు చూపిస్తారు. వాటిని కొట్టిపారేస్తే ఆ తరువాత వాళ్ళు మీకేమీ చెప్పరు. ఏ నెలలో వస పోశారో అడగండి, ఆ నెలలోనే ఇంట్లోవాళ్ళకి మొదటిసారి అనుమానం వచ్చిందన్నమాట. కేస్ షీట్‌లో అనుమానం వచ్చిన వయసు రాయడానికి నాకు ఇంతకంటే నమ్మకమైన గుర్తు దొరకలేదు.

ఇదేదో నా చాదస్తం అనుకోకండి. 1943లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం ఇవాళ్టి అర్థంలో వైద్యంలోకి వచ్చింది. అందులో మొదటి అబ్బాయి డోనాల్డ్. మిసిసిపీ రాష్ట్రం నుంచి అతని తండ్రి ఆసుపత్రికి 33 పేజీల ఉత్తరం పంపాడు, కొడుకు ఏం చేస్తాడో, ఏం అంటాడో పూసగుచ్చినట్టు. కానర్ దాన్ని పక్కన పడేయలేదు. స్కేలు లేదు, స్కాను లేదు. ఒక తండ్రి ఉత్తరం, ఒక డాక్టరు ఓపిక, అంతే. అంతకుముందే, 1920ల నడుమ, మాస్కోలో గ్రున్యా సుఖరేవా ఇలాంటి ఆరుగురు అబ్బాయిల గురించి చాలా వివరంగా రాసింది. ఆమె పేరు చాలా ఏళ్ళు ఎవరూ తలవలేదు. మీరు తలవండి.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది

లార్నా వింగ్ లండన్‌లో సైకియాట్రిస్టు. ఆమె కూతురికి ఆటిజం. 1962లో తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న సంఘం ఇప్పుడు బ్రిటన్‌లో నేషనల్ ఆటిస్టిక్ సొసైటీగా ఉంది, దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఆమె ఒకరు. 1979లో సైకాలజిస్టు జూడిత్ గూల్డ్‌తో కలిసి కాంబర్‌వెల్ ప్రాంతంలోని పిల్లల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. కానర్ గీసిన గీతలో ఇమడని పిల్లలు ఎంతోమంది ఉన్నారని, వాళ్ళకీ అదే సాయం కావాలని తేల్చింది అదే. ఆటిజాన్ని స్పెక్ట్రమ్‌గా, అంటే ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా, ఎక్కువ తక్కువలుగా ఉండేదిగా చూడటం అక్కణ్ణుంచి బలపడింది. "నా కూతురి లాంటి పిల్లలు ఇంకెందరున్నారు, వాళ్ళకి బడి ఎక్కడ?" అని అడిగే తల్లికి పుట్టే ప్రశ్నే అది, పెద్ద సిద్ధాంతంలోంచి ఊడిపడింది కాదు.

నాకు పనికొచ్చిన ప్రశ్న కూడా ఓపీలోనే దొరికింది. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు నేను, నువ్వు తారుమారు చేస్తారని మనం చదువుకుంటాం. ఇంగ్లీషు అధ్యయనాల్లో ఈ సర్వనామాలను లెక్కపెడతారు. పీజీలు అలాగే తెలుగులో లెక్కపెట్టి, "మనవాళ్ళలో ఇది తక్కువ మేడమ్" అన్నారు. ఒక మధ్యాహ్నం జంబుఖానా మీద ఒక పాప ఖాళీ గ్లాసు పట్టుకుని వాళ్ళమ్మ దగ్గరికొచ్చి "తాగుతావా? తాగుతావా?" అంది. అమ్మ నీళ్ళు పోసింది, పాప తాగింది. ఆ మాటలో నువ్వూ లేదు, నేనూ లేదు. తెలుగులో మనం సర్వనామం మింగేస్తాం. ఎవరన్నది క్రియ చివర్లో ఉంటుంది: తాగుతాను, తాగుతావు. ఇంగ్లీషువాళ్ళు వెతికినచోట వెతికితే మనకి ఖాళీ గ్లాసే కనిపిస్తుంది. నేను ఇక్కడే ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం. ఈ "తాగుతావా"ని పట్టుకోవడానికి తెలుగు చెవి కావాలి. అది మీకు పుట్టుకతోనే ఉంది, ఏ ఫెలోషిప్పులోనూ ఇవ్వరు.

కాబట్టి ప్రశ్న చిన్నదిగా ఉండనివ్వండి. "ఆటిజానికి కారణాలు" అనే సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) తెస్తే నేను చదవను కూడా.

నా థీసిస్ ఎలా మునిగింది

ఎండీలో నా థీసిస్ కోసం ఒక ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగులోకి నేనే, ఒక రాత్రి కూర్చుని, అనువదించాను. ప్రిటెండ్ ప్లే, అంటే ఉత్తుత్తి ఆట, అన్నచోట "మీ బాబు నటిస్తాడా?" అని రాశాను. తల్లులందరూ అవునన్నారు. ఆటిజం ఉన్నవాళ్ళ తల్లులు, లేనివాళ్ళ తల్లులు, అందరూ. నేను ఆ అవునులన్నీ టేబుల్లోకి ఎక్కించాను. సగం డేటా అయ్యాక ఒకామె వివరంగా చెప్పింది. "అబ్బో, మహా నటిస్తాడమ్మా. ఒంట్లో బాగానే ఉంటుంది, బడికెళ్ళమంటే చాలు, కడుపు పట్టుకుంటాడు." నాకు కాళ్ళ కింద నేల కదిలింది. గైడ్‌కి చెప్తే ఆయన నవ్వి, ఆ ప్రశ్న తీసేసి మిగతావి విశ్లేషించమన్నారు. అలాగే చేసి డిగ్రీ తెచ్చుకున్నాను. ఆ థీసిస్ లైబ్రరీలో ఉంది, ఎవరూ తీయకపోతే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు మా యూనిట్‌లో పద్ధతి ఇది. ముందుగా ఆ ప్రశ్నావళి తయారుచేసినవాళ్ళ నుంచి అనువాదానికి అనుమతి. ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు, ఒకరు డాక్టరు, ఒకరు కానివారు. రెండూ కలిపి ఒకటి చేశాక, అసలు ఇంగ్లీషు చూడనివారెవరైనా దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. తేడాలు దిద్దుతాం. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆగకండి. పదిమంది తల్లులకి చదివి వినిపించి, "మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండమ్మా" అని అడగండి. "నటిస్తాడా" ఆ దశలోనే చచ్చిపోయి ఉండేది. ఇప్పుడు అదే ప్రశ్న ఇలా ఉంది: "ఉత్తుత్తి వంట వండి మీకు వడ్డిస్తాడా? ఖాళీ గ్లాసుతో కాఫీ తాగినట్టు ఆడతాడా?" అది కూడా శ్రీకాకుళంలో ఒకసారి, అనంతపురంలో ఒకసారి, ఆదిలాబాద్‌లో ఒకసారి వినిపించాలి. గుంటూరు పలుకుబడే తెలుగంతా అనుకునే జబ్బు మన అనువాదాలకి బాగా ఉంది.

కొలబద్దలు

మన రాష్ట్రాల్లో పనిచేసేవాళ్ళకి ఆటిజాన్ని కొలిచే ఐసా తప్పనిసరిగా రావాలి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థలో, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నాం, తయారైన స్కేలు ఇది. 2009లో వచ్చింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 కంటే తక్కువైతే ఆటిజం లేదని, 106 దాకా స్వల్పమని, 153 దాకా మధ్యస్థమని, ఆపైన తీవ్రమని లెక్క. వికలాంగ సర్టిఫికెట్టుకి దీన్నే వాడతారు. అందులోనే ఒక చిక్కు ఉంది. 2016 చట్టం కింద చాలా సదుపాయాలకి 40 శాతం వైకల్యం ఉండాలి. సర్టిఫికెట్టు కోసం వచ్చిన రోజు తల్లి చెప్పే జవాబులు, థెరపీ కోసం వచ్చిన రోజు చెప్పే జవాబులు ఒకేలా ఉండవు. ఆమెది తప్పు అనను, ఆమె స్థానంలో నేనున్నా అంతే. కానీ ఆ రెండు రకాల ఫారాలనూ కలిపి పేపరు రాస్తే అది మీ తప్పు.

అంతర్జాతీయ జర్నళ్ళు అడిగేది ఏడాస్ అనే పరీక్ష. పెట్టెనిండా బొమ్మలు, సబ్బు బుడగలు, బొమ్మకి పుట్టినరోజు చేసే సామాను ఉంటాయి. ముప్పావుగంట, గంట పిల్లవాడితో ఆడుతూ గమనించి స్కోరు వేయాలి. పరిశోధనకి వాడాలంటే శిక్షణ తీసుకుని, నిపుణుల స్కోరుతో 80 శాతం సరిపోలేదాకా సాధన చేయాలి. పెట్టె, శిక్షణ రెండూ ఖరీదే. కొనేముందు చుట్టుపక్కల ఎవరి దగ్గరుందో కనుక్కోండి, వాళ్ళతో కలిసి పనిచేయండి. కొనుక్కుని బీరువాలో పెట్టిన పెట్టెలు నేను రెండు చూశాను.

స్క్రీనింగ్ మీద పనిచేసేవాళ్ళు ఈ లెక్క రాత్రి పడుకునేముందు ఒకసారి వేసుకోండి. వెయ్యిమంది పిల్లలు, వాళ్ళలో పదిమందికి ఆటిజం అనుకుందాం. మీ పరీక్ష 90 శాతం సరిగా పట్టుకుంటుంది, లేనివాళ్ళని 90 శాతం సరిగా వదిలేస్తుంది. వినడానికి గొప్పగా ఉంది. పదిమందిలో 9 మంది దొరుకుతారు. మిగతా 990 మందిలో 99 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. అంటే 108 మంది తల్లులకి మీరు టెన్షన్ పెడితే, అందులో 99 మందికి అనవసరంగా. పదహారో నెల నుంచి రెండున్నరేళ్ళ దాకా పిల్లలకి వాడే ఎంచాట్ అనే స్క్రీనింగ్ ప్రశ్నావళిలో 20 ప్రశ్నలయ్యాక మళ్ళీ వివరంగా అడిగే రెండో విడత ఉండేది ఇందుకే. చాలా థీసిసుల్లో ఆ రెండో విడత ఎగ్గొడతారు.

ఇక శాంపిల్ సైజ్, అంటే అధ్యయనంలో ఎంతమందిని చూడాలన్న లెక్క. 4పీక్యూ బై డీ స్క్వేర్ అని అందరికీ నోటికొచ్చు: పీ అంటే మనం వెతికేది ఎంత శాతం మందిలో ఉంటుందన్న అంచనా, క్యూ మిగతా శాతం, డీ మనం ఒప్పుకునే తేడా. పీ తెలియకపోతే 50 వేస్తారు, తేడా 10 అంటారు, 100 వస్తుంది. మన కాలేజీల్లో థీసిసులన్నింటిలో సరిగ్గా వందమంది రోగులుండేది ప్రకృతి విచిత్రం కాదు, ఈ ఫార్ములా మహిమ. ఎందుకు 100 అని అడిగితే జవాబు చెప్పగలిగితేనే 100 రాయండి.

11, 12, 21

చిన్న శాంపిల్ అయితే పరిశోధన కాదా అని బెంగపడేవాళ్ళకి ఈ మూడు అంకెలు చెప్తాను. కానర్ రాసింది 11 మంది గురించి. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ చూసింది 21 కవలల జంటల్ని. ఒకేలా ఉండే కవలల జంటలు 11, అందులో నాలుగింట ఇద్దరికీ ఆటిజం. వేరు వేరు పోలికల కవలలు 10 జంటలు, అందులో ఒక్క జంటలోనూ ఇద్దరికీ లేదు. అంతవరకూ తల్లి ప్రేమ చాలక బిడ్డ అలా అయ్యాడని ముద్ర వేసేవారు. కానర్ కూడా మొదట్లో పుట్టుకతో వచ్చేదని రాసి, మధ్యలో తల్లిదండ్రుల చల్లదనం గురించి మాట్లాడి ఆ పాపంలో పాలుపంచుకున్నాడు. 1969లో తల్లిదండ్రుల సభలో మీ తప్పేమీ లేదని చెప్పాడు. జన్యువుల పాత్ర ఉందని చూపిన ఈ 21 జంటల లెక్క వచ్చాక తల్లుల మీద వేసిన ఆ నింద నిలబడటం కష్టమైంది.

12 మంది గురించి రాసింది ఇంగ్లండు డాక్టరు ఆండ్రూ వేక్‌ఫీల్డ్, 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో. ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ సంబంధం ఉందని జనంలో భయం పుట్టింది. పోల్చడానికి వేరే పిల్లలు లేరు, పిల్లల వివరాలు వక్రీకరించారని తేలింది. 2010లో జర్నల్ ఆ పేపరును వెనక్కి తీసుకుంది, అతని పేరును బ్రిటన్ డాక్టర్ల రిజిస్టరు నుంచి కొట్టేశారు. ఇప్పటికీ నా ఓపీలో నెలకొకరైనా "టీకా వల్లేనా మేడమ్?" అంటారు. ఆ 12 మంది పేపరుకి వడ్డీ మేం ఇక్కడ కడుతున్నాం.

సీక్రెటిన్ కథ కూడా తెలుసుకోవాలి. అది జీర్ణక్రియకి సంబంధించిన ఒక హార్మోను. 1990ల చివర ఆ ఇంజెక్షన్ ఆటిజానికి అద్భుతమని గోల. 1999లో 60 మంది పిల్లల మీద ఉత్తి సెలైన్‌తో పోల్చి చూశారు. రెండు గుంపులూ దాదాపు ఒకేలా మెరుగయ్యాయి. పనిచేయలేదని చెప్పాక కూడా, మూడింట రెండొంతుల మంది తల్లిదండ్రులు ఆ మందు కావాలనే అన్నారు. వాళ్ళని చూసి నవ్వొద్దు. ఆశ ఎంత బలమైనదో తెలిసిన డాక్టరు కంట్రోల్ గ్రూపు (పోల్చి చూడటానికి వేరే గుంపు) లేకుండా ఏ చికిత్స గురించీ నోరు విప్పడు. కొన్నేళ్ళ కిందట స్టెమ్ సెల్ ఇంజెక్షన్లిచ్చే ఒక ప్రైవేటు సంస్థవాళ్ళు నా దగ్గరికొచ్చారు. పిల్లల్ని పంపితే చాలు, పేపరులో మీ పేరు పెడతామన్నారు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు తీసి వాళ్ళ ముందు పెట్టాను. ఆటిజానికి ఇది ఆమోదించిన చికిత్స కాదు, పరిశోధనగా చేస్తే పిల్లల దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళారు.

ఎథిక్స్ కమిటీని శత్రువులా చూడకండి

అంగన్‌వాడీల్లో స్క్రీనింగ్ చేద్దామని ఒకసారి ప్రతిపాదన పెట్టాను. కమిటీలో డాక్టరు కాని సభ్యుడొకరు ఉంటారు కదా, మా కమిటీలో ఆయన రిటైరైన హైస్కూలు మాస్టారు. గణాంకాలేవీ అడగలేదు. "పాజిటివ్ వచ్చిన పిల్లల్ని ఎక్కడికి పంపుతావమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రతిపాదన వెనక్కొచ్చింది. నాలుగు నెలలు తిరిగి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రంతో మాట్లాడుకుని, వారానికి ఎన్ని కొత్త కేసులు తీసుకోగలరో కనుక్కుని, స్క్రీనింగ్ వేగాన్ని దానికి తగ్గించాను. అధ్యయనం ఏడాది ఆలస్యమైంది. ఆయన అడక్కపోతే వందమంది తల్లుల చేతుల్లో ఒక చీటీ పెట్టి చక్కా వచ్చేసేదాన్ని.

ఏడేళ్ళు నిండిన పిల్లల దగ్గర నోటిమాటగానైనా ఒప్పుదల తీసుకోవాలి, పన్నెండు దాటితే రాతలో. మాటలు రాని పిల్లవాడు గదిలోంచి లేచి తలుపు వైపు నడిస్తే అదీ ఒక జవాబే. ఆ రోజుకి ఆపేయండి. వీడియోలు తీస్తే అవి ఎవరి కంప్యూటర్‌లో, ఎన్నాళ్ళు ఉంటాయో తల్లికి తెలుగులో చదివి చెప్పండి. బస్సు చార్జీలు, ఆ పూట పోయిన కూలి బడ్జెట్‌లో రాయండి. మా యూనిట్‌లో ఒక పీజీ అది రాయడం మరిచిపోయి మూడు నెలలు జేబులోంచి ఇచ్చుకుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. థీసిస్‌కి డబ్బక్కర్లేదు. ఆ తరువాత ఐసీఎంఆర్ ఉంది, పరిశోధనకి డబ్బిచ్చే ఇండియా అలయన్స్ సంస్థ ఫెలోషిప్పులున్నాయి, దాని ఆఫీసు హైదరాబాద్‌లోనే. వారానికి రెండు మధ్యాహ్నాలు ఓపీ నుంచి రాతపూర్వకంగా మినహాయింపు సంపాదించండి. నోటిమాటగా ఇచ్చిన మధ్యాహ్నం మొదటి వీఐపీ రాకతో పోతుంది.

మన దగ్గర జరిగిన మంచి పనులు చదవండి. 2018లో అచ్చయిన ఒక అధ్యయనం దేశంలో ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 3,964 మందిని చూసింది, హైదరాబాద్ అందులో ఒకటి. ఎదుగుదలకి సంబంధించిన సమస్య ఏదో ఒకటి దాదాపు ఎనిమిదిమందిలో ఒకరికి ఉంది. అంతకంటే నన్ను ఎక్కువగా కదిలించింది 2016లో వచ్చిన పాస్ ట్రయల్. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కలిపి 65 మంది పిల్లలు. మాంచెస్టర్‌కు చెందిన పిల్లల సైకియాట్రిస్టు జొనథన్ గ్రీన్ బృందం ఇంగ్లండులో స్పీచ్ థెరపిస్టులతో చేయించిన పనిని, ఇక్కడ శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు చేశారు. అమ్మ బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీస్తారు, ఇద్దరూ కలిసి చూస్తారు, "ఇక్కడ మీరు ఆగారు చూడండి, వాడే మొదలుపెట్టాడు" అని చూపిస్తారు. తల్లులు బిడ్డకి తగ్గట్టు స్పందించడం, బిడ్డ తనంతట తాను మొదలుపెట్టడం పెరిగాయి. అన్ని కొలతలూ మెరుగవలేదు, అదీ దాచకుండా రాశారు. సైకియాట్రిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది ఉన్న జిల్లాలో నాకు ఇలాంటి పరిశోధనే ముందు కావాలి. జన్యువుల మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లో డీఎన్‌ఏ మీద పనిచేసే సీడీఎఫ్‌డీ ఉంది, వాళ్ళతో చేతులు కలపండి. మంచి కేస్ షీట్లు మీవి, సీక్వెన్సింగ్ వాళ్ళది.

పేపరు తిరిగొస్తుంది. నా మొదటిది నాలుగు జర్నళ్ళు తిప్పి పంపాయి. మూడో రివ్యూయర్ రాసిన రెండు పేజీల విమర్శ చదివి రెండు రోజులు అన్నం సయించలేదు, మూడోరోజు చూస్తే అన్నీ నిజాలే. పదిరోజుల్లో అచ్చు వేస్తాం, ఫీజు కట్టండి అనే మెయిళ్ళు వస్తాయి. ప్రమోషన్ కోసం ఆశపడి ఒకసారి అటు వెళితే ఆ పేరు మీ వెంటే ఉంటుంది.

చివరగా, అచ్చు వేసే ముందు మీ ప్రశ్నావళిని ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ చేత చదివించండి. నేను ఈ పని చాలా ఆలస్యంగా మొదలుపెట్టాను. పన్నెండేళ్ళుగా నా దగ్గరికి వస్తున్న ఒక కుర్రాడున్నాడు, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. మా ఫారం చేతికిస్తే ఒక్కో ప్రశ్నకీ పక్కన పెన్సిల్‌తో నంబర్లు వేసుకుంటూ గంటసేపు చదివాడు. "తిరిగే ఫ్యాన్ను అదేపనిగా చూస్తాడా?" అన్నచోట ఆగాడు.

"గదిలో గోల ఎక్కువైనప్పుడు చూస్తాను మేడమ్. ఒకే రకంగా తిరుగుతుంది కాబట్టి. గోల గురించి మీ ఫారంలో ప్రశ్న లేదు."

నిజంగానే లేదు. పదిహేనేళ్ళుగా ఆ ఫ్యాన్ ప్రశ్నకి టిక్కులు పెడుతున్నాను, ఆ క్షణంలో గదిలో ఏం మోగుతోందో ఒక్కసారీ రాయలేదు.

అదే ఇప్పుడు మా కొత్త పీజీ థీసిస్. చవితి పందిళ్ళలో మైకులు మొదలవకముందే డేటా మొదలుపెట్టాలి, అంటే ఈ నెలలోనే కమిటీకి వెళ్ళాలి. నిన్న సాయంత్రం సినాప్సిస్ తెచ్చింది. బాగా రాసింది. రెండో పేజీలో శాంపిల్ సైజ్ 100 అని ఉంది. ఎందుకు 100 అని అడిగాను. రేపు చెప్తానంది.